ముడత లేని కుట్టు

"తలుపు తియ్యవే! తీస్తావా, బద్దలు కొట్టమంటావా?"

అమ్మ ట్రయల్ రూమ్ తలుపు మీద అరచేత్తో బాదుతోంది. లోపలి నుంచి మాట లేదు. మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కి వచ్చిన మనిషి రొప్పినట్టు ఊపిరి చప్పుడొకటే వినిపిస్తోంది.

దుకాణం అప్పుడే తెరిచారు. పెద్దది కటింగ్ బల్ల దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది. గుడ్డ మీద గీస్తున్న గీత సగంలో ఆగింది.

"నీకేం పట్టదా? చెల్లెలు లోపల గడియ పెట్టుకుంటే బొమ్మలా చూస్తావేం?" అంటూ అమ్మ ఇటు తిరిగింది. "నాలుగైదు రోజుల్నుంచీ చూస్తున్నా దీని వాలకం. కూర్చోదు. నిలబడి తింటుంది, బోర్లా పడుకుంటుంది. బాత్రూంలో జారిపడ్డానంటే నిజమే కాబోలనుకున్నా. జారిపడితే నడుం నొప్పి రావాలి గానీ ఆయాసం ఎందుకొస్తుందే?"

పెద్దది సుద్దముక్క బల్ల మీద పెట్టింది. కారణం తనకి తెలుసు. తెలిసే నోరు కట్టేసుకుంది.

చిన్నది బాత్రూంలో జారిపడలేదు. పొట్ట మీదా తొడల మీదా ఉన్న కొవ్వు తీయించుకుని, దాన్నే పిరుదుల్లోకి ఎక్కించుకుంది. మొగుడు పని మీద పొరుగూరు వెళ్ళిన అదను చూసి, స్నేహితురాలింటికని చెప్పి వెళ్ళి, మర్నాడు కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. ఈ సంగతి ఇంట్లో పెద్దదానికొక్కదానికే తెలుసు. తెలిసిన పాపానికి చిన్నది అక్క చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "అమ్మకి గానీ ఆయనకి గానీ చెప్పావో, నా మీద ఒట్టే" అంది.

పెద్దది ఒట్లూ గిట్లూ నమ్మే మనిషి కాదు. పెళ్ళి మాటెత్తితే కత్తెర ఎత్తే మనిషి, కుట్టుమిషన్‌తో కాపురం చేస్తున్న మనిషి. అయినా చెల్లెలి తల మీద చెయ్యి పెట్టిన దగ్గర్నుంచీ ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"చిన్నీ, నేనే. అమ్మని లోపలికి పంపేశా. తియ్యి."

అమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడి, పెద్ద కూతురు పచ్చి అబద్ధం ఆడుతుంటే కళ్ళప్పగించి చూసింది.

గడియ తీసిన చప్పుడైంది.

చిన్నది అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఉంది. పెదాలు నీలంగా తిరిగాయి. అద్దం మీద ఊపిరి ఆవిరి పడుతోంది, అది ఆరకముందే మళ్ళీ పడుతోంది.

"ఏం లేదక్కా. కాస్త గాలాడటం లేదు. ఫ్యాన్ వెయ్యి."

ఫ్యాన్ నెత్తి మీద గిరగిరా తిరుగుతూనే ఉంది.

"గ్యాసే" అని తేల్చేసింది అమ్మ. ఏ జబ్బు వచ్చినా అమ్మకి ముందు గుర్తొచ్చేది అదే. "పొద్దున్నించీ ఏం తిన్నదని? వేడినీళ్ళు పెట్టుకొస్తా, ఉండు" అంటూ వెనక గదిలోకి పరిగెత్తింది.

పెద్దది తలుపు దగ్గరగా వేసింది.

"ఎప్పట్నుంచే?"

"రాత్రి... కాస్త మొదలైంది. తగ్గుతుందనుకున్నా."

"ఆ కాలేంటి అలా ఉంది?"

ఎడమ పిక్క బిర్రుగా, కుడిదానికంటే లావుగా ఉంది. చిన్నది పాంట్ అంచు కిందికి లాక్కుంది. "మామూలేనట. క్లినిక్‌లో అడిగాను."

"మళ్ళీ అడుగు. నా ముందు అడుగు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టగానే తేనె పూసిన గొంతు ఒకటి పలికింది. "హలో డియర్! ఎలా ఉన్నారు?"

"ఊపిరి... ఆడట్లేదండీ."

"టెన్షన్ పడుతున్నారు మేడమ్. అందరికీ అలాగే ఉంటుంది. గార్మెంట్ వేసుకునే ఉన్నారా? బిగుతుగా ఉందా?"

"ఉంది."

"వెరీ గుడ్. అది మాత్రం విప్పొద్దు. కూర్చోవద్దు, వెల్లకిలా పడుకోవద్దు. కష్టపడి తెచ్చుకున్న షేప్ పోతుంది."

పెద్దది ఫోన్ లాక్కుంది. "నేను వాళ్ళ అక్కని. ఒకసారి డాక్టర్‌గారికివ్వండి."

"సార్ ప్రొసీజర్‌లో ఉన్నారు మేడమ్."

"ఆ సార్ అసలు ఏ డాక్టర్?"

"మా సార్ చాలా సీనియర్ మేడమ్."

"ఎంత సీనియరని అడగలేదమ్మా. ఏ డాక్టరని అడిగాను."

 అవతలి గొంతులో తేనె కొంచెం తగ్గింది. "చూడండి, మీరు కంగారుపడి వేరే హాస్పిటల్‌కి మాత్రం తీసుకెళ్ళకండి. వాళ్ళకి మన ప్రొసీజర్ తెలీదు, అనవసరంగా భయపెడతారు. సాయంత్రం మా దగ్గరికే రండి. సార్ చూస్తారు."

పెద్దది ఫోన్ కట్టేసింది. సాయంత్రం దాకా ఈ పిల్ల ఈ ఊపిరితో ఆగుతుందా? 

"పద. పెద్దాసుపత్రికి."

"వద్దక్కా. అందరికీ తెలిసిపోతుంది."

"ప్రాణం మీదికి వస్తుంటే పరువు గోలేంటే నీకు?"

"నీకేం, నువ్వు బల్ల వెనక ఉంటావు. ఫోన్ ముందు నిలబడేది నేను." ఆ ఒక్క ముక్క అనడానికి చిన్నది మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

 నిజమే మరి. దుకాణంలో కుట్టిన బట్టలు వేసుకుని రోజూ ఫోన్ ముందు నిలబడి లైవ్‌లో అమ్మేది చిన్నదే. మాటకారి, నవ్వుముఖం. అయితే చూసేవాళ్ళ నోళ్ళు మూయించడం ఎవరి తరం? ఇస్త్రీ బల్లకి గౌను తొడిగినట్టుందని ఒకడు రాశాడు. అది చదివి అక్కాచెల్లెళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు కూడా. ఆ తరవాత పెద్దదే స్కర్టుల లోపల దూది మెత్తలు పెట్టి కుట్టింది. "ఇప్పుడు చూడు, కుట్టు ఎలా నిలబడిందో" అని మురిసిపోయింది. ఒకరోజు అందరూ చూస్తుండగా ఒక మెత్త కుట్టు తెగి మోకాలి దాకా జారింది. చిన్నది నవ్వేసి, నాలుగు జోకులు వేసి, ఆ పూట అమ్మకం అమ్మేసింది. ఆ నవ్వు చూసి పెద్దది కూడా మర్చిపోయింది. చిన్నది మర్చిపోలేదు.

"గ్యాసనే చెప్పుకుందాం. నేను నోరు విప్పను. పద" అంది పెద్దది.

అప్పుడుగానీ చిన్నది అద్దం వదల్లేదు.

*

టాక్సీలో కూర్చోమంటే చిన్నది కూర్చోలేదు. వెనక సీటు మీద మోకాళ్ళు ఆనించి, వెనక్కి తిరిగి, సీటు వీపుని రెండు చేతులా కావలించుకుంది. డ్రైవర్ అద్దంలో ఒకసారి చూసి, మనకెందుకులే అన్నట్టు రోడ్డు వైపు తిరిగాడు.

"ఇదేం కూర్చోవడమే?" అమ్మ విస్తుపోయింది.

"నడుం నొప్పమ్మా."

"నడుం నొప్పో, నాటకమో! అల్లుడికి ఫోన్ చేశాను. నిన్న రాత్రేగా ఊళ్ళోకి వచ్చాడు, తిన్నగా ఆసుపత్రికే వచ్చేస్తానన్నాడు."

చిన్నది అక్క వైపు చూసింది. ఆ చూపులో ఆయాసం కంటే భయం ఎక్కువగా ఉంది. పెద్దది కిటికీలోంచి బయటికి చూసింది. ఎర్ర దీపం దగ్గర టాక్సీ ఆగిన ప్రతిసారీ పెద్దదానికి ఆ ముందు బండిని చేతుల్తో తోసెయ్యాలనిపించింది.

చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. వేళ్ళకి బట్ట కింద క్లినిక్ వాళ్ళు గార్మెంట్ అన్న ఆ తొడుగు తగిలింది. ఛాతీ కింద మొదలై మోకాళ్ళ పైదాకా ఒంటికి అతుక్కునే రబ్బరు గుడ్డ. క్లినిక్ వాళ్ళు వాపు తగ్గడానికని ఇచ్చింది. వేళ్ళకి దాని పక్క కుట్టు తగలగానే పెద్దది చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

మొన్న చిన్నది అది తెచ్చి బల్ల మీద పడేసింది. "వదులైందక్కా, పైకి ఎగబాకుతోంది. చిన్న సైజు కొనుక్కోమంటున్నారు. ఇంట్లో నువ్వుండగా కొనడమేంటి?" అంది. వదులుగా ఉన్నదాన్ని బిగించడం పెద్దదానికి చేతులకు పట్టిన పని. తొడిగించి, గుండుసూదులు పెట్టి, పక్కలా తొడల దగ్గరా పట్టి, రెండేసి వరసలు కుట్టింది. "ముడత లేకుండా కూర్చుంది చూడు" అని చెల్లెల్ని అద్దం ముందు తిప్పి తిప్పి చూపించింది.

ఒంటి మీద గౌను ఎంత బిగుతుగా ఉండాలో పెద్దదానికి తెలుసు. కోసిన ఒంటి మీద ఎంత బిగుతు ఉండాలో తెలియదు. తెలియదన్న సంగతి అప్పుడు తట్టలేదు. 

*

ఎమర్జెన్సీ వార్డులో డాక్టరమ్మ చిన్నదానికంటే చిన్న వయసుది. జుట్టు క్లిప్పు పెట్టి ఎలాగో పైకి తోసుకుంది. చిన్నదాని వేలికి మెషిన్ తగిలించి, అందులో అంకె చూసి, పలకరింపు నవ్వు ఆపేసింది.

"ఆక్సిజన్ పెట్టండి. తల వైపు ఎత్తండి, కూర్చోబెట్టండి."

నర్సు మంచం పైకి లేపబోతే చిన్నది కడ్డీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. "కూర్చోను. నేను కూర్చోకూడదు."

"కూర్చుంటేనే ఊపిరి ఆడుతుందమ్మా."

"వద్దు. పోతుంది... అంతా పోతుంది."

"ఏం పోతుంది?" డాక్టరమ్మ ఆమెనీ, కాలు వాపునీ చూసింది. "ఈమధ్య ఏదైనా ఆపరేషన్ జరిగిందా?"

చిన్నది మాస్కుతోనే తల అడ్డంగా ఊపింది.

"ఆపరేషనేంటమ్మా, దాని ఒంటి మీద ఇప్పటిదాకా కత్తి గాటు పడలేదు. గ్యాసు" అంది అమ్మ.

అప్పుడే అల్లుడు లోపలికి వచ్చాడు. లిఫ్టులు బాగుచేస్తాడు, చేతులకి గ్రీజు, భుజాన పనిముట్ల సంచి. మంచం దగ్గరికి వచ్చి, గ్రీజు అంటుతుందని పెళ్ళాన్ని ముట్టుకోకుండా ఆగిపోయాడు.

"ఏమైంది? నిన్న రాత్రి ఫోన్‌లో బాగానే మాట్లాడావు కదా?"

చిన్నదాని కళ్ళు అక్క మీదే ఉన్నాయి. చెప్పకు, చెప్పకు అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి.

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. "చిన్నదైనా సరే. సూదులు, లేజర్, ఏదైనా. దాచితే నేను చీకట్లో తడుముకోవాలి. ఆమెకి అంత టైం లేదు."

పెద్దది గోడకి ఆనుకుని ఉంది. మెడలో కొలత టేపు, రిబ్బనుకి వేలాడుతున్న దారాల కత్తెర. తీసి పెట్టాలన్న ధ్యాసే లేకుండా వచ్చేసింది. నా మీద ఒట్టే అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది. ఒట్టు నిలబెడితే చెల్లెలు ఉంటుందా?

ఒట్టు తీసి గట్టున పెట్టింది.

"అయింది" అంది. "కొవ్వు ఆపరేషన్ అయింది. పొట్టలోంచి, తొడల్లోంచి తీసి వెనక్కి ఎక్కించారు. వారం కూడా కాలేదు."

చిన్నది కళ్ళు మూసుకుంది.

అల్లుడు ముందు నవ్వాడు. ఎవరో వేళాకోళం ఆడుతున్నారనుకున్నాడు కాబోలు. తరవాత పెళ్ళాం ముఖం చూశాడు. సంచి భుజం మీంచి జారి నేల మీద పడి పనిముట్లు గలగలమన్నాయి.

"నేనెప్పుడైనా అన్నానా?" గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నీ ఒంటి గురించి నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా?"

చిన్నది మళ్ళీ తల అడ్డంగా ఊపింది. కళ్ళ నుంచి నీళ్ళు మాస్కు అంచు మీదుగా కారాయి.

అమ్మ మాత్రం ఉన్న చోటే కూలబడింది. అమ్మ తిట్టకపోతే పెద్దదానికి తిట్టినదానికంటే ఎక్కువ భయమేసింది.

"చేసిందెవరు? సర్జనేనా?" డాక్టరమ్మ అడుగుతూనే స్కాన్‌కి ఫోన్ చేయమని నర్సుకి సైగ చేసింది.

"అడిగితే చెప్పలేదు. సీనియరన్నారు."

"ఊపిరాడట్లేదని వాళ్ళకి చెప్పారా?"

"చెప్పాం. మామూలే, వేరే ఆసుపత్రికి వెళ్ళొద్దన్నారు."

డాక్టరమ్మ పళ్ళు బిగించింది. "వినండి. కొవ్వు ఎక్కించే సూది లోతుగా కండలోకి పోతే అక్కడ పెద్ద రక్తనాళాలుంటాయి. కొవ్వు అందులో పడితే గుండెకీ, ఊపిరితిత్తులకీ పోతుంది. అలా అయినవాళ్ళు ఆపరేషన్ బల్ల మీదే పోవచ్చు, కొన్ని రోజులకి ఇలా ఆయాసంతో రావచ్చు. లేదంటే కాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కదిలి పైకి పోయుండొచ్చు. నాకు రెండోదాని మీదే అనుమానం. స్కాన్ చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను."

"బతుకుతుందా?" అని అల్లుడు అడిగాడు.

"ఇప్పుడు వచ్చారు కాబట్టి ప్రయత్నం చేస్తాను." చిన్నదాని మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగింది. పుల్లలాంటి ఆ చేతిని, మెడ ఎముకల్ని చూసింది. "ఈమె ఒంట్లో తియ్యడానికి అసలు కొవ్వెక్కడ దొరికింది వాళ్ళకి?"

చిన్నది ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"సరే, ముందు ఆ తొడుగు తియ్యాలి."

నర్సు కత్తెర రబ్బరు గుడ్డ మీద జారిపోయింది. పక్క కుట్టు దగ్గర పెడితే అసలు దిగలేదు. రెండు వరసల కుట్టు, లోపల మడత.

"ఏం బిగించారండీ బాబూ" అని గొణిగింది నర్సు.

"నేను కోస్తాను" అంది పెద్దది.

మెడలోని కత్తెర తీసుకుని వంగింది. ఎక్కడ దారం ముడి వేసిందో, ఎక్కడ తెంపితే మిగతాదంతా జారిపోతుందో తనకి తెలుసు. తొడ దగ్గర మొదటి ముడి తెగగానే గుడ్డ విచ్చుకుంది. కింద చర్మం మీద కుట్టు గీత ఎర్రగా, లోతుగా పడి ఉంది. ఆ గీతకి కింద కాలంతా పొంగి ఉంది. తన చేత్తో గీసిన గీతే అది.  చెల్లెలికి గుచ్చుకోకుండా మొన ఎత్తి పట్టి, పెద్దది ముడి తరవాత ముడి కోసేసింది.

*

స్కాన్ తీసి, చిన్నదాన్ని అద్దాల తలుపు లోపలికి తీసుకెళ్ళాక నర్సు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి అమ్మకిచ్చింది. విప్పిన బట్టలు, గాజులు, కోసేసిన తొడుగు.

వరండాలో ఇనుప కుర్చీలు. అమ్మ ఒకదాంట్లో, పెద్దది పక్కదాంట్లో. అల్లుడు తలుపు దగ్గర నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు వదినా?"

"వచ్చిన రోజే చెప్పింది."

"మొన్న ఫోన్ చేస్తే మీ ఆవిడ నిద్రపోతోందన్నావు."

"అన్నాను."

"లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే ఎవడైనా గంట కొడతాడు వదినా. నువ్వు పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నావు."

 అతను అరిచి ఉంటే తనూ అరిచేది. అతను అరవలేదు.

అమ్మ కవర్లోంచి తొడుగు బయటికి తీసింది. అమ్మకి చూపు మందగించి ఏళ్ళయింది, దగ్గరి వస్తువులు అసలు ఆనవు. గుడ్డ ఏదైనా వేళ్ళతోనే చూస్తుంది. ఇప్పుడూ అలాగే బొటనవేలు కుట్టు మీద పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పోయింది. చివర ముడి దగ్గరికి వచ్చాక వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ముడి మీద ఆగింది.

ఒక దారాన్ని రెండుసార్లు మెలిపెట్టి, మడత లోపలికి లాగి దాచే ముడి అది. పెద్దది పావడా వేసుకునే వయసులో అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

అమ్మ తల తిప్పి పెద్ద కూతురి వైపు చూసింది.  తొడుగుని మడిచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి కప్పేసింది.

తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వచ్చింది. "ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు మూసుకుపోతున్నాయి. కాల్లో కూడా గడ్డ ఉంది. కాలిదే పైకి పోయిందనుకుని రక్తం పల్చబడే మందు మొదలుపెడుతున్నాను. ఒక్క విషయం. ఆ తొడుగుని తొడ దగ్గర ఎవరో తరవాత బిగించారు. క్లినిక్ వాళ్ళా? ఎన్నాళ్ళయింది?"

అల్లుడు ఇటు తిరిగాడు.

పెద్దది నోరు తెరిచేలోపే అమ్మ లేచి నిలబడింది. "నేనే కుట్టానమ్మా. వదులైందంటే నేనే పట్టాను."

 అత్తగారికి సూదిలో దారం ఎక్కించే చూపు లేదని అల్లుడికి తెలియదా? చొక్కా బొత్తాం ఊడితే పెద్దదాని దగ్గరికే తెచ్చుకుంటాడు. అతని చూపు అత్తగారి కళ్ళ మీంచి జారి, వదిన మెడలోని కత్తెర మీదికి వచ్చి ఆగింది.

"ఊరుకో అమ్మా" అంది పెద్దది.  "నేను కుట్టాను డాక్టర్‌గారూ. మొన్న సాయంత్రం. పక్కలా పట్టాను, తొడల దగ్గరా పట్టాను. నా వల్లేనా?"

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "దానివల్లే అని చెప్పలేను. అంత బిగిస్తే కాల్లో రక్తం నిలబడుతుంది, అది నిజం. కదలకుండా పడుకోవడం, ఆపరేషన్, అన్నీ కలిసే ఉంటాయి. ఇప్పుడు ఆ లెక్కలు తేల్చే టైం కాదు." తలుపు వైపు నడుస్తూ ఆగింది. "ఊపిరి ఇలాగే ఉంటే మత్తిచ్చి గొంతులో గొట్టం వేస్తాం. ఆ తరవాత మాట్లాడటం కుదరదు. ఆమె ఒకసారి అక్కని పిలవమంటోంది."

"అక్కనా?" అన్నాడు అల్లుడు. "నన్ను కాదా?"

"అక్కననే చెప్పింది."

పెద్దది లేచింది. అల్లుడు తలుపుకి అడ్డంగానే ఉన్నాడు. గ్రీజు ఆరి నల్లబడిన చేతులు రెండూ కట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికి వెళ్ళి ఈసారి ఏం దాచుకుని వస్తావు వదినా?"

ఆ మాట సూటిగా వెళ్ళి తగలవలసిన చోటే తగిలింది. అతను పక్కకి జరిగాడు.

లోపల చిన్నది కూర్చుని ఉంది. మంచం తల వైపు ఎత్తారు, వీపు వెనక దిండ్లు పెట్టారు. ఇన్ని రోజులకి కూర్చున్న చెల్లెల్ని చూసి పెద్దదానికి ఏడుపొచ్చింది.

"ఒట్టు తీసేశావుగా" మాస్కు కాస్త జరిపి అంది చిన్నది.

"తీసేశాను. తిట్టుకో. బతికి తిట్టుకో."

"అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. నేను కుట్టిన కుట్టు తనే కుట్టానంది."

చిన్నది నవ్వబోయింది. నవ్వు రాలేదు, దగ్గు వచ్చింది. అది తగ్గాక అక్క మణికట్టు పట్టుకుంది. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"నువ్వు బిగించినందుకు కాదక్కా."

"మాట్లాడకు. ఊపిరి దాచుకో."

"విను. నా కొవ్వు చాల్లేదట. సగం మత్తులో ఉన్నా... విన్నాను. ఈ పిల్లలో ఏముందిరా తియ్యడానికి అన్నాడు సార్. అది కలుపు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. సీసాలోంచి... చిక్కగా, నూనెలా... అదే ఎక్కించారు."

పెద్దదాని చేతులకి మొన్నటి కొలతలు గుర్తొచ్చాయి. నడుం దగ్గర తగ్గింది బొటనవేలి మందం లేదు. పిరుదుల దగ్గర టేపు బెత్తెడు ముందుకి పోయింది. ఒకచోట గుప్పెడు గుడ్డ కోసి ఇంకోచోట దుప్పటంత అతుకు ఎవరూ వెయ్యలేరు. అదంతా చూసి కూడా ఎంత బాగా కుదిరిందో అనుకుంది.

"డాక్టర్‌కి చెప్పావా?"

చిన్నది తల అడ్డంగా ఊపింది. "మా ఆయన వింటాడు. ఒంట్లో ఏం పోయించుకుందో కూడా తెలీని మొద్దంటాడు. నువ్వూ చెప్పకక్కా. మందు వేస్తున్నారుగా, తగ్గిపోతుంది." ఉన్న బలమంతా కూడగట్టుకుని అక్క చెయ్యి పైకి లాగి తన తల మీద పెట్టుకుంది. "ఈసారి నిజంగా నా మీద ఒట్టే."

మంచం చుట్టూ వేసిన తెర కిందుగా, వెనకే లోపలికి వచ్చిన అల్లుడి బూట్లు కనిపిస్తున్నాయి. ఆ పక్కనే అమ్మ పాదాలు. ఇటు మంచానికి అవతలి వైపుకి అప్పుడే వచ్చిన డాక్టరమ్మ రక్తం పల్చబడే మందు సిరంజి వెలుతురుకి ఎత్తి చూసుకుని, చిన్నదాని చేతికున్న గొట్టం వైపు వంగింది.

ఆ మందు రక్తపు గడ్డ అనుకుని ఇస్తున్నది, ఒంట్లోకి పోయింది నూనెలాంటిదేదో. పెద్దది చెల్లెలి తల మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ చెయ్యి అక్కడ ఉంచే, అందరికీ వినపడేలా అరిచింది.

"డాక్టర్‌గారూ, ఆగండి! ఎక్కించింది కొవ్వు కాదు!"